చెరువుల పడ్డ చెరుకు

మాది హన్మకొండ. కల అని తెలిసే కనే కలలను రాసిపెట్టుకునే యాప్ ఒకటి నాకోసం చేసుకున్న. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ అనే పరిశోధకుడు, అట్లాంటి కల కంటున్న మనిషి కళ్లు తిప్పి చేసిన సైగను రికార్డు చేసిండు. నా దగ్గర అంత యంత్రమెక్కడిది, ఉన్నది ఫోనే.

మళ్లీ మళ్లీ వచ్చే గుర్తులను యాప్ లెక్కపెట్టాలె. నాకు ఎక్కువగా వచ్చేది భద్రకాళి చెరువు. లెక్కలో అది లేనే లేదు! చూస్తే చెరువుల, చెరువుకు, చెరువుకాడ అన్నీ వేరే మాటలనుకుంది. మొదటి రెండక్షరాలు కలిస్తే ఒకటే అనుకోమంటే, చెరుకు వచ్చి చెరువుల పడ్డది. ఆఖరికి ల, కు, కాడ, నుంచి లాంటి ప్రత్యయాల పట్టిక రాసిన. పొడుగుది ముందు కత్తిరించాలె. మిగిలింది నా మాటల జాబితాలో ఉంటేనే ఒప్పుకోవాలె, లేకుంటే 'పిల్ల' కాస్త 'పిల్' అయితది.

ఇంకోటి, అర్ధరాత్రి తారీఖు మారి ఒకే నిద్ర రెండు రోజులకు చీలేది. రోజును మధ్యాహ్నం 12 నుంచి మొదలుపెట్టిన, సరిపోయింది.

ఇప్పుడు చెరువే మొదటిది. రెండోది అమ్మమ్మ ఇంటి మెట్లు. అది నేనే గమనించలే.