ట్రాక్టర్‌తో కట్టెల పని – 4వ పాఠం: దుంగలు చీల్చే యంత్రాన్ని ఎంచుకోవడం

గత పాఠం చివర మీ ట్రాక్టర్ మాన్యువల్ తీసి మూడు అంకెలు రాసిపెట్టుకోమన్నాను: హైడ్రాలిక్ వ్యవస్థ గరిష్ఠ ఒత్తిడి, వెనుక గొట్టాలు తగిలించే చోట నిమిషానికి వచ్చే ఆయిల్, పీటీవో (ఇతర యంత్రాలను తిప్పడానికి ట్రాక్టర్ వెనుక ఉండే ఇరుసు) దగ్గర అందే హార్స్‌పవర్. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. అది లేకుండా యంత్రం కొనడానికి వెళితే, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండే టన్నుల అంకె ఒక్కటే మీకు దిక్కవుతుంది.

ఆ టన్నులు ఎక్కడి నుంచి వస్తాయో ముందు లెక్కకడదాం. సిలిండర్ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకోండి. పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.02 కిలోల బలం. 250 బార్ ఒత్తిడిలో ఈ సిలిండర్ 20 టన్నుల బలంతో తోస్తుంది. యంత్రం మీద రాసేది ఆ 20 టన్నులే. మీ ట్రాక్టర్ ఇచ్చేది 170 బార్ అయితే అదే సిలిండర్ నుంచి మీకు వచ్చేది 13.6 టన్నులు. అక్కడ రాసినది అబద్ధం కాదు, మీ ట్రాక్టర్‌కు వర్తించదు, అంతే. అందుకే టన్నులు అడగకండి. సిలిండర్ లోపలి వ్యాసం ఎంత, ఆ టన్నులు ఎన్ని బార్ల దగ్గర లెక్కకట్టారు అని అడగండి.

బలం తక్కువైందని వెంటనే పెద్ద సిలిండర్ వైపు చూడకండి. అది ఎక్కువ ఆయిల్ తాగుతుంది. 100 మి.మీ. సిలిండర్ 60 సెంటీమీటర్లు సాగడానికి 4.7 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 20 లీటర్లు వచ్చే ట్రాక్టర్ మీద అది 14 సెకన్లు. తిరుగు ప్రయాణంలో లోపలి కడ్డీ కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, 50 మి.మీ. కడ్డీ అయితే 11 సెకన్లు చాలు. మొత్తం 25 సెకన్లు. సిలిండర్ 125 మి.మీ. అయితే అదే 170 బార్ దగ్గర బలం 21 టన్నులు దాటుతుంది, కానీ పోవడానికే 22 సెకన్లు పడుతుంది. రోజంతా దుంగలు చీల్చేవారికి ఈ తేడా చాలా పెద్దది. పోగులు నిటారుగా ఉన్న మామూలు దుంగకు అంత బలంతో పనే లేదు. ఇరవై లీటర్లకు అటూ ఇటూ ఇచ్చే ట్రాక్టర్‌కు 100 మి.మీ. సిలిండరే సరైన ఎంపిక అని నా గట్టి అభిప్రాయం.

మరి ముడి ఉన్న దుంగ వస్తే? సిలిండర్ తోసే మొన, అంటే దుంగను చీల్చే ఇనుప చీలిక, కొంత దిగి ఆగిపోతుంది. ఇంజిన్ మోత బరువెక్కుతుంది, ఒత్తిడి హద్దు దాటకుండా ఆయిల్‌ను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు సన్నగా కీచుమంటుంది. అక్కడ లీవర్ పట్టుకుని మొండిగా నొక్కితే పని జరగదు. పంపు పెట్టే శక్తి అంతా వేడిగా మారి ఆయిల్‌లోకి పోతుంది. పై అంకెల (170 బార్, 20 లీటర్లు) ప్రకారం అది 5.7 కిలోవాట్లు, అంటే ఒక పెద్ద హీటరుతో సమానం. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేరుబాక్సుకూ హైడ్రాలిక్స్‌కూ ఒకటే ఆయిల్ కాబట్టి ఆ వేడి అక్కడితో ఆగదు. మొనను వెనక్కి తీసి, దుంగను తిప్పి, ముడి లేని వైపు నుంచి, మధ్యలో కాకుండా అంచు దగ్గర మొదలుపెట్టండి. పది టన్నులకు లొంగని దుంగ చాలాసార్లు ఇలా లొంగుతుంది. ఒక్క దెబ్బకు నాలుగు ముక్కలు చేసే మొనకు బలం చాలా ఎక్కువ కావాలి. చిన్న ట్రాక్టర్‌కు దాన్ని నేను సిఫారసు చేయను.

వేగం ఇంకా కావాలంటే పీటీవోతో తిరిగే సొంత పంపు, సొంత ట్యాంకు ఉన్న యంత్రాలున్నాయి. ట్రాక్టర్ ఆయిల్‌తో వాటికి సంబంధం ఉండదు, అది పెద్ద లాభం. అయితే అక్కడ మూడో అంకె అడ్డొస్తుంది. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 170 బార్ దగ్గర 60 లీటర్లు కావాలంటే 17 కిలోవాట్లు. పంపులో పోయే నష్టం కలిపితే దాదాపు 20, అంటే 27 హార్స్‌పవర్. పీటీవో దగ్గర 20 హార్స్‌పవర్ ఇచ్చే ట్రాక్టర్ దాన్ని లాగలేదు. రెండు దశల పంపు ఉంటే సంగతి వేరు. అది మొన దుంగను తాకేదాకా తక్కువ ఒత్తిడితో ఎక్కువ ఆయిల్ పంపి, బలం కావలసినప్పుడు ఆయిల్ తగ్గించి ఒత్తిడి పెంచుతుంది. పీటీవో యంత్రమే కొనాలనుకుంటే ఇలాంటిదే వెతకండి.

గొట్టాల విషయంలో ఒక్క మాట. మొన వెనక్కి వచ్చేటప్పుడు సిలిండర్ నుంచి బయటికి పోయే ఆయిల్, పంపు ఇచ్చేదానికంటే ఎక్కువ. మన ఉదాహరణలో మూడో వంతు ఎక్కువ. తిరుగు గొట్టం సన్నగా ఉంటే మొన నత్తనడక నడుస్తుంది, అందుకే అది లావుగా ఉండాలి. వాల్వు మీ ట్రాక్టర్ హైడ్రాలిక్ పద్ధతికి సరిపోతుందో లేదో కూడా అడగండి. లీవర్ వదిలేసినప్పుడు ఆయిల్ వాల్వు గుండా తిరుగుతూనే ఉంటే అది ఓపెన్ సెంటర్, అక్కడే ఆగిపోతే క్లోజ్డ్ సెంటర్. ఓపెన్ సెంటర్‌కు చేసినది క్లోజ్డ్ సెంటర్‌కు పనికిరాదు.

బరువు కూడా చూడండి. ట్రాక్టర్ వెనుక లిఫ్ట్ ఎంత ఎత్తగలదో మాన్యువల్‌లో తరచు రెండు చోట్ల ఇస్తారు: యంత్రాన్ని తగిలించే లింకుల చివర, అక్కడి నుంచి 610 మి.మీ. వెనక. రెండోది తక్కువ ఉంటుంది. దాన్నే నమ్మండి. యంత్రం ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ మాట వినదు, ముందు బరువులు తగిలించాలి.

తిరిగే శంఖాకారపు మర దుంగలోకి దిగి చీల్చే యంత్రాలు తక్కువలో వస్తాయి. వాటిని కొనవద్దు. తిరిగే మరకు చొక్కా చేయి చిక్కితే వదిలించుకునే వ్యవధి ఉండదు. మొనతో చీల్చే యంత్రంలోనూ రెండు చేతులూ లీవర్ల మీద ఉంటేనే మొన కదిలే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. దుంగ పట్టుకునేది, లీవర్ నొక్కేది వేర్వేరు మనుషులైతే ఆ ఏర్పాటు ఉన్నా ప్రయోజనం లేదు. గొట్టం కారుతున్నట్టు అనుమానం వస్తే వేలితో తడమకండి, అట్టముక్కతో చూడండి. సన్నని రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అది జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వచ్చే పాఠానికి అభ్యాసం: ఒక ట్రాక్టర్ 160 బార్ ఒత్తిడితో నిమిషానికి 24 లీటర్లు ఇస్తుంది. 90 మి.మీ., 115 మి.మీ. సిలిండర్లు రెండు మీ ముందున్నాయి. రెండూ 60 సెంటీమీటర్లు సాగేవే. ఒక్కోదానికి బలం ఎంత, పోవడానికి ఎన్ని సెకన్లు? మీ దుంగల్లో ముడులున్నవి పదింట ఒకటైతే ఏది కొంటారు, సగం ఉంటే ఏది కొంటారు? కారణంతో రాసిపెట్టుకోండి. గొట్టాలు బిగించడం, మొదటిసారి నడపడం వచ్చే పాఠంలో.