క్రీమ్ గోడ రంగు మారిందా? ముందు కింద చూడండి

"దసరాకు క్రీమ్ వేయించాం, సంక్రాంతికల్లా పసుపెక్కింది. డబ్బా నకిలీదేనా?" మహబూబ్‌నగర్ నుంచైనా, మిర్యాలగూడ నుంచైనా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పెయింటర్‌తో తగవు పెట్టుకునే ముందు, తేడా పగలు కనబడుతోందా, రాత్రా అన్నది చూసుకోండి.

రాత్రిపూటే అయితే గోడను ముట్టుకోవద్దు. బల్బు పెట్టె తీసి చదవండి. 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుకు కొలత) అని ఉంటే కారణం అదే. ఆ నీలి తెలుపు వెలుతురులో లేత గోధుమరంగు పాలిపోయి హాలు ఆసుపత్రి వార్డులా ఉంటుంది. 2700 నుంచి 3000 కె వరకు ఉండే వార్మ్ వైట్ బల్బులు పెట్టండి, గదంతా ఒకే రకం. ఇంత చిన్న సంగతి చూడకుండా వేలు పోసి మళ్లీ రంగులు వేయించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

తేడా పగలే ఉంటే దొంగ నేలలో ఉన్నాడు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నల్లగొండలో ఒక ఇల్లు: తాండూరు పసుపు బండలు, దక్షిణాన పెద్ద కిటికీ. వానాకాలం మబ్బు వెలుతురులో షేడ్ ఎంచాం, వెన్నలా ఉంది. డిసెంబరుకు గోడ కింది సగం పసుపు తిరిగింది. కంపెనీ మార్చి, లప్పం గీకించి మళ్లీ వేయించాను. మళ్లీ అంతే. ఉగాది దాటాక ఎవరూ ఏమీ చేయకుండానే గోడ బాగైపోయింది! అప్పుడు తట్టింది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, ఎండ కిటికీలోంచి లోపలిదాకా వచ్చి బండ మీద పడుతుంది. అక్కడినుంచి ఎగసే వెలుతురు బండ రంగును మోసుకెళ్లి గోడకు పూస్తుంది. వేసవిలో ఎండ నడినెత్తి మీద ఉంటుంది కాబట్టి లోపలికి రాదు. నీలి బండలైతే ఇదే క్రీమ్ మాసినట్టు బూడిదగా కనబడుతుంది.

తేల్చుకోవడం తేలిక. ఎండ పడ్డ చోట తెల్ల దుప్పటి పరిచి గోడను చూడండి. రంగు కళ్లముందే మారితే నేలదే తప్పు. అక్కడ గోధుమరంగు జనపనార చాప పరిస్తే పసుపు పూర్తిగా పోదు, కిటికీకి పల్చటి తెల్ల నూలు పరదా కూడా కట్టాలి. కొత్తగా రంగు వేయించేవాళ్లు పసుపు బండ ఉంటే పసుపు ఛాయ లేని తెలుపు, నీలి బండ ఉంటే కాస్త వెచ్చటి క్రీమ్ ఎంచుకోండి. రెండడుగుల అట్టకు రంగు పూసి, గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడాలి. షేడ్ కార్డులో వేలెడంత ముక్క చూసి డబ్బాలు కొనకండి.

రంగు సరిగ్గానే ఉంది, గది మాత్రం బోసిగా ఉందంటారా? గోడ, సోఫా, పరదా అన్నీ నున్నగా ఉండి ఉంటాయి. లేత రంగుల ఇంట్లో కంటికి పని చెప్పేది అల్లిక. సోఫా మీద నారాయణపేట నూలు గళ్ల గుడ్డ, పక్కన పేము బుట్ట, మూలన మట్టి కుండ పెట్టండి. పుట్టపాక తేలియా రుమాలు (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ) ఒకటి ఫ్రేము కట్టిస్తే దాని ఎరుపు, నలుపు చాలు, ఇంకో ముదురు రంగు అక్కర్లేదు.

గోడ అడుగున మాత్రమే మరకలుంటే అది చెమ్మ, మేస్త్రీని పిలవండి. రెండు డబ్బాల మధ్య కొద్దిగా రంగు తేడా రావచ్చు, అందుకే గోడకు సరిపడా డబ్బాలన్నీ ముందే ఒకచోట కలిపించండి.