మాటల మూలాలు, 6వ పాఠం: పులి ఏది, పులుపు ఏది?

పోయిన పాఠంలో తేలుని తమిళంలో ఏమంటారో కనుక్కోమన్నాను. ‘తేళ్’. చివర ఉన్నది ళ. ఈ రోజు పనంతా దానితోనే.

మద్రాసు వచ్చిన కొత్తలో వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లి, వచ్చీరాని తమిళంలో పావు కిలో ‘పులి’ అడిగాను. కొట్టాయన తలైనా ఎత్తలేదు. “దానికి వండలూరు జూకి పోవాలి సార్” అన్నాడు. తమిళంలో పులి అంటే జంతువు, పుళి అంటే చింతపండు. నాలుక కాస్త మడత పెట్టకపోతే ఇదీ సంగతి.

మరి మనకెందుకు తేడా తెలియదు? తమిళంలో ళ ఉన్నచోట చాలా మాటల్లో మనకి ల ఉంటుంది. తేళ్, తేలు. ముళ్, ముల్లు. ఉళి, ఉలి. అలా రెండు వేరు వేరు మాటలు తెలుగులో ఒకే చొక్కా తొడుక్కున్నాయి. పులుసు, పులుపు, దోసెల పిండి ‘పులిసింది’ అనడం, అన్నీ పుళి సంతానమే. పులిహోర కూడా. ఓగిరం అంటే అన్నం, ‘పుళి ఓగిరం’ నోళ్లలో నలిగి అలా అయింది.

ఇలా మాటల్ని పక్కపక్కన పెట్టి చూడటం ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలకి చుట్టమని చూపించింది ఈ పద్ధతిలోనే.

ఇప్పుడు మీరు చేయండి. పులిగోరు, పులితేన్పు, పులిజూదం, పులిచింతాకు. జంతువెక్కడ, పులుపెక్కడ?

మొదటిదీ మూడోదీ జంతువు. తిన్నదరక్క గొంతులోకి వచ్చే తేన్పులో పులేం ఉంటుంది, పులుపు తప్ప! పులిచింతాకు నా కుండీల్లో పిలవకుండా మొలుస్తుంది. మూడేసి చిన్న ఆకులు. ఒకటి నమిలితే జవాబు నాలుక మీదే ఉంటుంది.

పులికాట్ దగ్గర మాత్రం బోల్తా పడకండి. అందులో పులీ లేదు, పులుపూ లేదు. తమిళుల పళవేర్కాడు తెల్లవాళ్ల నోట్లో పడి అలా తయారైంది.

ఇంటిపని: మన పులి కన్నడలో హులి, పాలు హాలు. ఈ లెక్కన పంది, పాము ఏమవుతాయో ఊహించండి. పిల్లి మీద కూడా ప్రయత్నించండి, మొండికేస్తుంది. దాని సంగతి 7వ పాఠంలో.