డిస్కులో చోటుంది, అయినా చోటు లేదంటుంది

సమస్య: లినక్స్ సర్వర్‌లో ప్రోగ్రామ్ ఆగిపోయింది. లాగ్ చివర ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఉంది. పాత ఫైళ్లు చెరిపినా ఫలితం లేదు.

ఇంకేమీ చెరపకండి. ముందు డీఎఫ్, తర్వాత డీయూ కమాండ్ నడపండి. డీయూను రూట్‌గానే (అన్ని అనుమతులూ ఉన్న యూజర్‌గా) నడపాలి, లేకపోతే అనుమతి లేని ఫోల్డర్లను వదిలేసి లెక్క తక్కువ చూపుతుంది. డీఎఫ్ ఫైల్ సిస్టమ్ దగ్గరున్న లెక్కను చదువుతుంది. డీయూ ఫోల్డర్లన్నీ తిరిగి, పేరున్న ఫైళ్లను కూడుతుంది.

డీఎఫ్ నిండిందంటూ, డీయూ అందులో సగం కూడా చూపకపోతే: చెరిపిన ఫైలును ఏదో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకా తెరిచి పట్టుకుని ఉండవచ్చు. ఒకసారి 40 జీబీ డిస్కులో డీయూ నాకు 11 జీబీయే చూపింది. మిగతాది గంట క్రితం నేనే ‘ఆర్ఎం’తో చెరిపిన లాగ్ ఫైలు. పేరు పోయింది, ఐనోడ్ (ప్రతి ఫైలుకూ ఫైల్ సిస్టమ్‌లో ఉండే రికార్డు) పోలేదు. ప్రాసెస్ దాన్ని వదిలేదాకా ఆ చోటు తిరిగి రాదు. పైగా ఆ ప్రాసెస్ నిశ్చింతగా అందులోనే రాస్తూ ఉంటుంది!

పరిష్కారం: తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కు ‘+ఎల్1’ ఆప్షన్ ఇస్తే, పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయండి. ఆపడానికి వీలు లేకపోతే, ప్రాసెస్‌ల వివరాలుండే ‘ప్రాక్’ ఫోల్డర్లో ఆ ప్రాసెస్ నంబరు కింద ‘ఎఫ్‌డీ’ ఫోల్డర్‌కు వెళ్లి, ఆ ఫైలును ట్రంకేట్ కమాండ్‌తో సున్నా సైజుకు తీసుకురండి. ఇకపై వాడుకలో ఉన్న లాగ్‌ను చెరపకుండా ఇలాగే ఖాళీ చేయండి. పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్‌ టూల్‌లోని ‘కాపీట్రంకేట్’ చేసేదీ ఇదే, కాకపోతే కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య కొన్ని వరుసలు పోవచ్చు.

డీఎఫ్‌లోనే జీబీలకొద్దీ ఖాళీ కనిపిస్తే: ‘ఐ’ ఆప్షన్‌తో మళ్లీ అడగండి. ఐనోడ్లు 100 శాతం అయిపోయి ఉండవచ్చు. సెషన్, క్యాష్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఇలా అవుతుంది. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో వాడే ఒక ఫైల్ సిస్టమ్)లో ఎంత చోటుకు ఎన్ని ఐనోడ్లన్నది ఫార్మాట్ చేసినప్పుడే ఖరారవుతుంది కాబట్టి చిన్న ఫైళ్లను తీసేయడమే సులువైన దారి.

రూట్ రాయగలిగి మామూలు యూజర్ రాయలేకపోతే: ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం అట్టిపెడుతుంది. డేటా డిస్కు అయితే ట్యూన్2ఎఫ్ఎస్‌ కమాండ్‌తో 1 శాతానికి తగ్గించవచ్చు. సిస్టమ్ డిస్కు జోలికి పోకండి.

ల్యాప్‌టాప్‌లో, కోడ్ మార్పులను గమనించే టూల్ మొదలుపెట్టగానే ఇదే మాట వస్తే: నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే దీనికి డిస్కుతో సంబంధమే లేదు. ఇనోటిఫై (ఫైళ్ల మార్పులను ప్రోగ్రామ్‌లకు తెలిపే కెర్నల్ సదుపాయం) వాచ్‌ల పరిమితి దాటినా కెర్నల్ పంపేది అదే ఎర్రర్ కోడ్, 28. పాత కెర్నళ్లలో ఆ పరిమితి 8192. ‘మ్యాక్స్ యూజర్ వాచెస్’ విలువను, కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌ కమాండ్‌తో పెంచండి. అంతకన్నా ముందు, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు వేల ఫైళ్లుగా ఉండేది) గమనించవద్దని ఆ టూల్‌కు చెప్పండి. చాలాసార్లు పెంచాల్సిన అవసరమే రాదు.