కార్పెట్ క్లీనింగ్ నుంచి వచ్చిందా? డబ్బులిచ్చే ముందు బోర్లా తిప్పండి

క్లీనింగ్‌కి ఇచ్చిన కార్పెట్ ఇంటికి రాగానే పైపైన చూసి, మంచి వాసన వస్తోంది కదా అని డబ్బులిచ్చేయకండి. ముందు బోర్లా తిప్పి వెనకవైపు అరచేత్తో గట్టిగా నాలుగు దెబ్బలు వేయండి. కింద ఇసుకలాంటి దుమ్ము రాలిందంటే తడిపే ముందు సరిగా దులపలేదన్నమాట. అసలు పనంతా అక్కడే ఉంది, దులపకుండా నీళ్లు పోస్తే ఆ మట్టి బురదై పోగుల మొదట్లో పట్టేస్తుంది, ఆరాక మనం నడిచినప్పుడల్లా గరుకు కాగితంలా దారాన్ని కోస్తూనే ఉంటుంది.

తర్వాత పోగుల్ని విడదీసి అడుగున వేలు పెట్టండి. చెమ్మగా తగిలితే పూర్తిగా ఆరలేదు, ముక్కవాసన మొదలవుతుంది. జిగటగా ఉంటే సబ్బు సరిగా జాడించలేదు, అలాంటిది మామూలుకన్నా తొందరగా మాసిపోతుంది.

అంచు కుచ్చులు మరీ తెల్లగా, పెళుసుగా కనిపిస్తే బ్లీచ్ వాడారా అని మొహమాటం లేకుండా అడగండి. క్లోరిన్ బ్లీచ్ ఉన్నికి తగిలితే పోగు పాడైపోతుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం. ఇంకోటి, ఇచ్చేటప్పుడే మూలలూ మరకలూ ఫొటోలు తీసి పెట్టుకుంటే, రంగు కారినప్పుడు 'ముందే అలా ఉంది' అని తప్పించుకోలేరు.