జోకు పేలిందా, చీదేసిందా? దానికి సరైన పేరు పెట్టడం ఎలా?

హైదరాబాద్ అమీర్‌పేటలో నలుగురం ఒకే రూములో ఉండే రోజులవి. కరెంటు బిల్లు వచ్చింది. భీమవరం నుంచి వచ్చిన మా రూమ్మేటు బిల్లు చూస్తూ "ఇందులో నా పాలెంత?" అని అడిగాడు. నా నోరు ఊరుకోలేదు. "అర లీటరు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఒకడు "కుళ్లు జోకు" అన్నాడు. ఇంకొకడు "పీజే", అంటే పూర్ జోక్, అన్నాడు. ఆ రెండూ ఒకటేనా కాదా అని వాళ్లిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. భీమవరం మాత్రం మొహంలో ఏమీ కనపడనివ్వకుండా తన వాటా డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వాదన నాకు బాగా పనికొచ్చింది. మన భాషలో పేలిన జోకుకి ఉన్న పేర్ల కంటే పేలని జోకుకి ఉన్న పేర్లే ఎక్కువేమో అని అప్పటినుంచీ నా అనుమానం. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికి నేను పాటించే పద్ధతి ఇది.

1. ముందు చప్పుడు వినండి

జోకుల గురించి మనం మాట్లాడే మాటలు చాలావరకు దీపావళి సామాన్ల నుంచి వచ్చినవే. జోకు పేలింది, తుస్సుమంది, చీదేసింది అంటాం. ఈ మూడూ ఒకటి కావు. అందరూ ఒక్కసారిగా నవ్వితే పేలినట్టు. కొంచెం ఆశపెట్టి, చివర్లో గాలి పోయినట్టు ఆగిపోతే తుస్సు. అసలు అంటుకోనే లేదనుకోండి, అది చీదేసినట్టు. తడిసిన మతాబులా వెలుగూ ఉండదు, చప్పుడూ ఉండదు.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుని ఆరు రకాలుగా విడగొట్టాడు. పళ్లు కనపడని స్మితం దగ్గర మొదలుపెట్టి, డొక్కలు పట్టుకుని నవ్వే అతిహసితం దాకా వెళ్లాడు. నవ్వు రాకపోతే ఏమనాలో మాత్రం ఆ ఆరింటిలో లేదు. ఆ ఖాళీని మన తుస్సు నింపింది.

చప్పుడు అర్థం కాకపోతే ఎదుటివాళ్ల మాట వినండి. "ఎక్కడ నవ్వాలో కూడా చెప్పు" అన్నారంటే చీదేసిందనే లెక్క.

2. ఆట మాటతోనా, మనిషితోనా చూడండి

నా "అర లీటరు" పూర్తిగా మాట మీద ఆడిన ఆట. పాలు అంటే వాటా, పాలు అంటే తాగే పాలు. ఇలాంటివాటికే కుళ్లు జోకు అని పేరు. పీజే కాలేజీ హాస్టళ్లలో ఎక్కువగా వినిపించే మాట. నన్నడిగితే రెండిటికీ చిన్న తేడా ఉంది. వినగానే మొహం చిట్లించి, ఆ తర్వాత ఆపుకోలేక నవ్వితే కుళ్లు జోకు. మొహం చిట్లించడం దగ్గరే ఆగిపోతే పీజే. ఈ తేడాని ఒప్పుకోని వాళ్లూ ఉంటారు, మా రూములోనే ఉన్నారు.

తెలుగులో కుళ్లు జోకులు ఇన్ని పుట్టడానికి సంధులు కూడా ఒక కారణం. సినిమాకి బయల్దేరుతూ ఎవరో "పదండి, పదండి" అంటారు. మూలనున్న పెద్దాయన గడియారం చూసి "ఇంకా తొమ్మిదేనండి" అంటాడు. "పద" పక్కన "అండి" చేరినా పదండే, "పది" పక్కన "అండి" చేరినా పదండే. వ్యాకరణమే అవకాశం ఇస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇదే పని పెద్ద ఎత్తున చేస్తే శ్లేష అంటారు, సన్మానం కూడా చేస్తారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. పద్యాన్ని ఒకలా విడగొడితే రామాయణం, ఇంకోలా విడగొడితే భారతం. కావ్యమంతా అలా నడుస్తుంది. పనిముట్టు అదే, సూరన దానితో రెండు ఇతిహాసాలు మోశాడు, నేను అర లీటరు పాలు మోశాను.

అమెరికాలో పెరిగిన మా మేనల్లుడు వీటన్నిటినీ "డాడ్ జోక్" అనేస్తాడు. మన ఇళ్లలో ఆ ఉద్యోగం ఎక్కువగా బాబాయిదో మామయ్యదో. నాన్నకి ఇంట్లో అంత స్వేచ్ఛ ఎక్కడిది!

3. మనిషి మీదైతే, ఎంత మంట పుట్టిందో కొలవండి

ఇక్కడ తొందరపడి పేరు పెట్టకండి, ఎందుకంటే పేరు తప్పయితే గొడవలవుతాయి.

చెణుకు అన్నిటికంటే తేలిక. తగిలినవాడు కూడా నవ్వుతాడు, వీలైతే ఇంకో పదిమందికి చెప్పుకుంటాడు. చురక అంటే కొంచెం కాలుతుంది. పూర్వం జబ్బులకి, మూర్ఛలకి నిజంగానే చురకలు పెట్టేవారు, అంటే కాల్చేవారు. అందుకే చురకలో ఎంతో కొంత నీ మంచికే అన్న భావం ఉంటుంది. సెటైర్ ఇప్పుడు అన్నిటికీ వాడేస్తున్నారు గానీ, అందులో పక్కవాళ్లకి వినపడాలన్న కోరిక ఎక్కువ. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు దగ్గరికి వచ్చేసరికి హాస్యం అయిపోయింది. రెండిట్లోనూ పొడుపు ఉంది, గమనించండి.

వెటకారం వీటన్నిటికీ దూరంగా విడిగా కూర్చుంటుంది. దాని లక్షణం గంభీరమైన మొహం, మర్యాదైన మాట. గోదావరి జిల్లాల వాళ్లకి ఇందులో పేరుంది, వాళ్ల నోట అది ఎటకారం అవుతుంది. తాళి కట్టడం అయిపోయాక పెళ్లికి వచ్చినవాడితో "ఆయ్, అప్పుడే వచ్చేశారేంటండీ, బారసాలకి ఇంకా టైముందండీ" అంటారు. ఆ వాక్యంలో ఒక్క అమర్యాద మాట లేదు. అండీలు కూడా లెక్కకు మించి ఉన్నాయి. మామూలుగా అవసరమైన దానికంటే ఒక "అండి" ఎక్కువ వినపడితే అనుమానించాల్సిందే.

కరీంనగర్, వరంగల్ వైపు అయితే ముందు మజాక్ అన్న మాట వింటారు. "ఏంది, మజాక్ చేస్తున్నవా?" అన్నప్పుడు గొంతు చూసుకోవాలి. నవ్వుతూ అంటే పర్వాలేదు. నవ్వకుండా అంటే మీ జోకు చీదేయడమే కాదు, ఎదుటివాడికి అంటుకుంది కూడా. పరాష్కాలు అన్నా, ఆంధ్ర వైపు పరాచికాలు అన్నా ఒకటే, పనీపాటా లేని సరదా మాటలు.

4. అన్నదెవరు, అనిపించుకున్నదెవరు?

ఒకే మాట బావ అంటే వేళాకోళం, బాస్ అంటే అవమానం. మన దగ్గర ఎవరితో హాస్యం ఆడొచ్చో చుట్టరికం ముందే రాసిపెట్టింది. బావ, బావమరిది, మరదలు, వదిన వరస వాళ్లతో ఎంత ఏడిపించినా తప్పు లేదు. సరిగ్గా ఏడిపించకపోతేనే "ఏంటి, కోపమొచ్చిందా?" అని అడుగుతారు. పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడే పాటలు ఉన్నాయి. ఆమె పీనాసితనం, తిండి, నడక, అన్నీ పాటలోకి వచ్చేస్తాయి. ఆవిడ నవ్వుతూ కూర్చోవాలి, అదీ ఆనవాయితీ. అదే మాట మరుసటి వారం ఫోన్లో అనండి, ఏమవుతుందో చూడండి.

కాబట్టి వేళాకోళం అన్న పేరు పెట్టే ముందు వరస కలిసిందో లేదో చూడండి. వరస లేనిచోట అదే మాటకి ఎకసెక్కెం అనే పేరొస్తుంది.

5. గడియారం చూడండి

జోకు మొదలై, మధ్యలో ఒకరు మంచినీళ్లు తాగొచ్చినా ఇంకా నడుస్తుంటే అది సుత్తి. నెత్తిన సుత్తితో కొట్టినట్టు ఉంటుందని ఆ పేరు. 1982లో జంధ్యాల తీసిన నాలుగు స్తంభాలాటతో ఈ మాట ఊరూరా పాకింది. ఆ సినిమాలో నటించిన వీరభద్రరావు, వేలు పేర్ల ముందు సుత్తి శాశ్వతంగా ఉండిపోయింది. ఒక బోరు మాట ఇద్దరు గొప్ప హాస్యనటులకి ఇంటిపేరైంది, తమాషా కదూ.

సోది దీనికి చుట్టమే. ఎరుకలసాని చెయ్యి చూసి చెప్పేది సోది. మొదలుపెడితే ఇంట్లోవాళ్లందరి సంగతీ వస్తుంది కాబట్టి, అసలు విషయానికి రాని జోకుకి ఆ పేరు బాగా అతుకుతుంది. సొల్లులో సగం గొప్పలు. నసలో గొప్పలు కూడా ఉండవు.

6. ఇంతకుముందు విన్నదేనా?

పాత చింతకాయ పచ్చడి అంటారు. పచ్చడికి మాత్రం ఇది అన్యాయం. అది పాతదైతేనే బాలింతకి పథ్యంగా పెడతారు.

7. పేరుతో పాటు సరైన క్రియ తగిలించండి

ఇక్కడ తప్పు చేస్తే మిగతా కష్టమంతా వృథా. జోకు వేస్తారు. పంచ్ విసురుతారు. చురక అంటిస్తారు. సుత్తి కొడతారు. సొల్లు వాగుతారు. కౌంటర్ ఇస్తారు. వెటకారం ఆడతారు, చేస్తారు, రెండూ చెల్లుతాయి. "సొల్లు విసిరాడు" అన్నారంటే మీరు తెలుగు ఈమధ్యే నేర్చుకుంటున్నారని తెలిసిపోతుంది.

8. చీదేసింది మీదే అయితే

ఎక్కువమంది "ఊరికే అన్నాను", "సరదాకి" అని వెనక్కి తగ్గుతారు. కుర్రాళ్లు "లైట్ తీస్కో" అంటారు. వాట్సాప్‌లో అయితే బ్రహ్మానందం మొహం ఒకటి పెట్టి బయటపడొచ్చు. జోకుని విడమరిచి చెప్పడం మాత్రం వద్దు. పాలంటే రెండర్థాలని ఆ రోజు నేను రూములో వివరించాను. అప్పటిదాకా పీజేగా ఉన్నది, ఆ వివరణతో సుత్తి అయింది.

అన్నిటికంటే మంచి ఉపాయం, ఎవరో అనేలోపు మీరే "కుళ్లు జోకే, తెలుసు" అనేయడం. పేరు పెట్టే హక్కు మీ దగ్గరే ఉంటే సగం పరువు దక్కుతుంది.

మిగతా సగం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది. మరుసటి నెల బిల్లు వచ్చినప్పుడు భీమవరం అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. కిందికి వెళ్లి, తిరిగొచ్చి, నా ముందు అర లీటరు పాల ప్యాకెట్ పెట్టాడు. "నా పాలండి, సరిపోయిందో లేదో చూసుకోండి" అన్నాడు.

దాన్ని కౌంటర్ అంటారు.