బురదలో బండి, 5వ పాఠం: ముందు పై నట్టు

పోయినసారి “బురదలో దిగి వచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ చూసుకోండి” అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. డిఫరెన్షియల్ అంటే ఇరుసు మధ్యలో ఉండే పళ్లచక్రాల డబ్బా, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది. ఆ ముక్కకి ముగ్గురి జీపులు ఇంటిముందే కూలబడ్డాయి. ముగ్గురూ కింది నట్టు విప్పి ఆయిలంతా దించేశారు. తర్వాత ఆయిల్ పోసే నట్టు చూస్తే తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఆయిల్ లేకుండా షెడ్డు దాకా నడపలేరు. తాడు కట్టి లాగుదామన్నా చక్రం దొర్లితే లోపల పళ్లు ఎండుగానే తిరుగుతాయి. బండిని లారీ ఎక్కించాల్సిందే. ఇది అందరికీ తెలిసే ఉంటుందనుకోవడం నా తప్పు. అందుకే బ్రేకుల పాఠం వచ్చేసారికి జరిపాను.

డిఫరెన్షియల్‌కి పక్కన పైగా ఉండేది పోసే నట్టు, అడుగున ఉండేది దించే నట్టు. ముందు పైది విప్పాలి. అది వచ్చాకే కిందిదాని మీద పానా పెట్టాలి. పైది రాకపోతే కిందిది ముట్టుకోకుండా బండిని అలాగే షెడ్డుకు నడుపుకెళ్లండి. కొన్ని బండ్లలో నట్టుకు తల ఉండదు, చతురస్రపు గుంట ఉంటుంది. దానికి సరిపడా చతురస్రపు పానా కొనుక్కోండి. కటింగ్ ప్లేయర్‌తో తంటాలు పడితే గుంట అరిగి, నట్టుకు వెల్డింగ్ పెట్టించి తీయించాలి. గేర్‌బాక్సుకీ, ముందు వెనక ఇరుసులకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకీ కూడా ఇదే వరస. పైది ముందు. మళ్లీ రాయను.

ఆయిల్‌లో నీళ్లు కలిశాయా లేదా అన్నది నేనైతే ఆయిల్ దించకుండానే చూస్తాను. రాత్రంతా బండి కదలకుండా ఉంటే నీళ్లు అడుక్కి దిగుతాయి. పొద్దున్నే పై నట్టు తీసి పెట్టుకుని, కిందిది అర చుట్టు వదులు చేస్తే మొదట కారేది నీళ్లో ఆయిలో తెలిసిపోతుంది. కాని బురదలోంచి వచ్చిన వెంటనే చూస్తే రెండూ చిలికినట్టు కలిసిపోయి పాలు పోసిన కాఫీలా ఉంటుంది. ఆ రంగు కనబడితే ఆలోచించొద్దు, మార్చేయండి. ఆ ఆయిల్‌తోనే తిరుగుతూ ఉంటే బేరింగులు గుంటలు పడి వెనకనుంచి ఊళ మొదలవుతుంది. పళ్లు కూడా పాడైతే, లోపలి పెద్ద పళ్లచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్, రెండూ జతగానే మార్చాలి, ఒక్కటి మారిస్తే కుదరదు. ఆయిల్ డబ్బాకి వెనకాడినవాళ్లు ఆ జత ధర ఒకసారి కనుక్కోండి.

ఇంతకీ నీళ్లు ఎలా దూరాయి? రోడ్డు మీద వేడెక్కిన హౌసింగ్, అంటే డిఫరెన్షియల్ పై డబ్బా, దమ్ము చేసిన మడిలాంటి చోట ఒక్కసారి చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి పీల్చుకుంటుంది. ఆ గాలి వచ్చిపోయే చిన్న గొట్టమే బ్రీదర్, అది మునిగి ఉంటే పీల్చేది బురదనీళ్లే. దిగేముందు పది నిమిషాలు బండి ఆపండి. బ్రీదర్‌కి రబ్బరు పైపు తగిలించి బానెట్ కిందికి ఎక్కించండి. ఆ బ్రీదర్‌లో నల్లరేగడి ఎండి మూసుకుపోయినా ప్రమాదమే. అప్పుడు లోపలి ఒత్తిడి ఆయిల్‌ని సీలులోంచి, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కట్టులోంచి, బయటికి తోస్తుంది. నా బండికి ఒక షెడ్డులో మూడుసార్లు సీలు మార్చారు. మూడుసార్లూ డబ్బులిచ్చాను. చివరికి పిన్నీసుతో బ్రీదర్ పొడిస్తే కారడం ఆగింది.

ఇంకొకరు బురదలోంచి వచ్చాక హైవే మీద స్టీరింగ్ వణుకుతోందని అలైన్‌మెంట్ చేయించారట. ముందు రిమ్ము లోపలివైపు గడ్డకట్టిన మట్టి గీకేసి చూడండి.

అభ్యాసం: ఈ ఆదివారం పొడినేల మీద, బండి ఎక్కడా వాలకుండా నిలిపి, పోసే నట్లన్నీ విప్పండి. ఫోర్ బై ఫోర్ అయితే మామూలుగా నాలుగుంటాయి. ప్రతి గుంటలో చిటికెనవేలు పెట్టి ఆయిల్ అంచుదాకా ఉందో లేదో, ఏ రంగులో ఉందో రాసుకోండి. తక్కువైతే అంచుదాకానే పోయండి. ఎక్కువైతే అది సీలు దాటి బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది. మరలకు కాస్త గ్రీజు రాసి బిగించండి. తర్వాత టార్చి పట్టుకుని కిందికి దూరి, బ్రీదర్లు ఎక్కడున్నాయో వెతకండి. ఇదంతా అయ్యాకే బురద.